పగలు దాచే అద్దం, రాత్రి చూపించే అద్దం

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే హాస్టల్లో రెండు రకాల ప్లాన్లు వినపడతాయి. ఒకటి గోవా, అది ఎలాగూ జరగదు. రెండోది ఈమధ్య మొదలైంది. సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత ఓమ్నీయో ఈకోయో కొనాలి, వెనక ప్లైవుడ్ మంచం వేసుకోవాలి, విశాఖలో బయల్దేరి సముద్రం పక్కపక్కనే కన్యాకుమారి దాకా పోవాలి. హోటల్ ఖర్చు ఉండదు, ఎక్కడ నిద్రొస్తే అక్కడే పడుకోవచ్చు. మన దగ్గర ఇన్నాళ్ళూ కారవాన్ అంటే షూటింగ్ స్పాట్‌లో హీరోగారు విశ్రాంతి తీసుకునే బండి. ఇప్పుడు మనోళ్ళు దాన్ని సొంతంగా తయారు చేసుకుందామంటున్నారు. మంచిదే.

ఆ ప్లాన్‌లో మంచం కొలతల మీద గంటసేపు వాదన జరుగుతుంది. ఇన్వర్టర్ ఎంత వాట్లు కావాలన్న దాని మీద ఈఈఈ వాళ్ళకీ మెకానికల్ వాళ్ళకీ గొడవ కూడా జరుగుతుంది. కానీ "లోపల బట్టలు మార్చుకోవాలంటే ఎలా? రాత్రి పడుకుంటే బయటికి కనపడదా?" అని ఎవరైనా అడిగితే మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "అద్దాలకి నల్ల ఫిల్మ్ వేయించేద్దాం."

ఈ వ్యాసం ఆ ఒక్క ముక్క గురించే. ఎందుకంటే మన దేశంలో, పడుకోవడానికి వాడే బండి విషయంలో, ఆ జవాబు మూడు చోట్ల తప్పుతుంది. చట్టం ఒప్పుకునేంత లేత అద్దం మనల్ని దాచదు. మనల్ని దాచేంత నల్ల అద్దాన్ని చట్టం ఒప్పుకోదు. చట్టాన్ని పక్కన పెట్టి ఎంత నల్లది వేయించినా, రాత్రి లోపల లైటు వేశామంటే అది కూడా దాచదు. మూడోదాన్ని చాలామంది నమ్మరు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఫిల్ముకి లోపల, బయట తెలియవు

అద్దాల షాపులో వినపడే మొదటి మాట వీఎల్‌టీ, అంటే విజిబుల్ లైట్ ట్రాన్స్‌మిషన్. అద్దం మీద పడిన కంటికి కనిపించే వెలుతురులో ఎంత శాతం అవతలికి పోతుందో చెప్పే అంకె అది. 50 శాతం అంటే సగం పోతుంది. 5 శాతం అంటే ఇరవయ్యో వంతే పోతుంది, చూడ్డానికి బొగ్గులా ఉంటుంది.

ఈ అంకె రెండు దిక్కులా ఒకటే. బయటి నుంచి లోపలికి 5 శాతం వస్తే, లోపలి నుంచి బయటికీ 5 శాతమే పోతుంది. "లోపలి నుంచి మనకి కనపడుతుంది, బయటి నుంచి వాళ్ళకి కనపడదు" అని షాపువాడు చెప్పేది పగటిపూట మన కంటికి నిజంగానే కనిపిస్తుంది. కానీ ఆ తేడా ఫిల్ములో లేదు. బయట వెలుగు ఎక్కువ, లోపల తక్కువ. తేడా అంతా అక్కడే ఉంది. సినిమాల్లో పోలీస్ స్టేషన్ సీన్ గుర్తు తెచ్చుకోండి. దొంగని కూర్చోబెట్టిన గదిలో లైట్లు ధగధగా వెలుగుతుంటాయి, అద్దం వెనక ఆఫీసర్లు నిలబడ్డ గది చీకటిగా ఉంటుంది. ఆ చీకటి గదిలో ఎవడైనా లైటు వేశాడంటే దొంగకి కూడా అందరూ కనపడతారు.

మాటలతో కాకుండా చిన్న లెక్కతో చూద్దాం. మామూలు అద్దం తన మీద పడ్డ వెలుతురులో సుమారు 8 శాతం వెనక్కి కొడుతుంది, ఒక్కో ఉపరితలం నుంచి 4 శాతం చొప్పున. సుమారు 90 శాతం అవతలికి పంపుతుంది. బయట వెలుతురు 100 అనుకుందాం. వ్యాన్‌కి ఉన్న కిటికీలు తక్కువ కాబట్టి, ఫిల్మ్ లేనప్పుడు లోపల వెలుతురు 20 అనుకుందాం. బయట నిలబడి చూసేవాడి కంటికి రెండు వెలుతురులు కలిసి వస్తాయి. ఒకటి అద్దం మీద ప్రతిఫలించిన వీధి. రెండోది అద్దంలోంచి దాటి వచ్చిన లోపలి దృశ్యం. ఏది బలంగా ఉంటే అదే కనపడుతుంది.

ఫిల్మ్ లేదు: ప్రతిబింబం 8, లోపలి నుంచి వచ్చేది 18. లోపల ఏముందో స్పష్టంగా కనపడుతుంది.

5 శాతం అద్దం: లోపలికి పోయే వెలుతురే 20 నుంచి 1కి పడిపోతుంది. అందులో మళ్ళీ 5 శాతమే బయటికొస్తుంది, అంటే 0.05. ప్రతిబింబం మాత్రం 8. చూసేవాడికి తన మొహం, వెనక ఉన్న టీ కొట్టు కనపడతాయి తప్ప లోపల ఏమీ కనపడదు.

50 శాతం అద్దం: లోపల వెలుతురు సుమారు 11, బయటికొచ్చేది 5.5, ప్రతిబింబం 8. రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే మసకగా ఉంటుంది. అద్దానికి రెండు అరచేతులు అడ్డం పెట్టి తొంగి చూశాడంటే ప్రతిబింబం పోతుంది, లోపలంతా కనపడుతుంది. మన ఊళ్ళల్లో ఆగి ఉన్న కొత్త రకం బండి కనపడితే తొంగి చూడని మనిషి ఎవరు?

రాత్రి లెక్క తిరగబడుతుంది

ఇప్పుడు రాత్రి తొమ్మిదైంది. బీచ్ పక్కన ఆపారు. దూరంగా వీధిలైటు ఉంది, బయట వెలుతురు 5 అనుకోండి. లోపల ఎల్ఈడీ స్ట్రిప్ వేసుకున్నారు, అది 100. ఫిల్మ్ అదే 5 శాతం.

బయటివాడికి: లోపలి నుంచి వచ్చేది 5, ప్రతిబింబం 0.4. పన్నెండు రెట్లు ఎక్కువ. మీరు పుస్తకం చదువుతున్నారా, బట్టలు మార్చుకుంటున్నారా అన్నది అతనికి తెలిసిపోతుంది.

లోపలున్న మీకు: బయటి నుంచి వచ్చేది 0.25, అద్దంలో మీ ప్రతిబింబం 8. మీకు కనపడేది మీ మొహమే.

ఈ రెండో లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పగలు మనల్ని కాపాడిన ఫిల్మ్ రాత్రి మనల్ని చూపించడంతో ఆగలేదు. బయట ఎవరు నిలబడ్డారో మనకి కనపడకుండా కూడా చేసింది. ఫిల్మ్ లేని అద్దమైతే ఎవరో వస్తున్నారని నీడైనా తెలిసేది. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు కలిసి వెళ్ళే ట్రిప్‌కి ఇది చిన్న విషయం కాదు. అద్దాలు నల్లగా ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండటంలోనే అసలు ప్రమాదం ఉంది.

నమ్మకం కుదరకపోతే రాత్రిపూట ఏసీ కోచ్‌లో ప్రయాణం గుర్తు చేసుకోండి. ఆ అద్దాలు లేతగా రంగువే. బండి చీకట్లో పోతున్నప్పుడు కిటికీలో మన మొహమే కనపడుతుంది. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, లైట్లు వెలుగుతూ వచ్చి ఆగిన అదే కోచ్‌ని చూస్తే పై బెర్త్ మీద ఎవరు దుప్పటి పరుచుకుంటున్నారో కూడా కనపడుతుంది.

"మరి అద్దంలా మెరిసే మిర్రర్ ఫిల్మ్ వేస్తే?" అని అడగొచ్చు. అది 60 శాతం వెనక్కి కొట్టి, 10 శాతం దాటనిస్తుంది అనుకున్నా, రాత్రి ప్రతిబింబం 3, లోపలి నుంచి వచ్చేది 10. అప్పుడూ మనమే ఓడిపోతాం. గరుకు అద్దంలా ఉండే ఫ్రాస్టెడ్ ఫిల్మ్ అయితే మొహం తెలియదు కానీ నీడ తెలుస్తుంది. లైటు మీ వెనక, అద్దం మీ ముందు ఉంటే తోలుబొమ్మలాటే.

నల్లగా ఉంటే చల్లగా ఉంటుందా?

ఫిల్మ్ వేయించే వాళ్ళు చెప్పే రెండో కారణం ఎండ. ఇందులో సగం నిజం ఉంది. నేల మీదికి వచ్చే సూర్యరశ్మి శక్తిలో కంటికి కనిపించే వెలుతురు సగం కంటే తక్కువ. సుమారు సగం ఇన్‌ఫ్రారెడ్, కొద్దిపాటి అతినీలలోహితం. కాబట్టి కంటికి ఎంత నల్లగా ఉందన్నదాన్ని బట్టి ఎంత వేడి ఆగుతుందో చెప్పలేం.

చవకరకం డై ఫిల్మ్ వెలుతురుని పీల్చుకుంటుంది. పీల్చుకుని తను వేడెక్కి, ఆ వేడిలో కొంత లోపలికే వదులుతుంది. రెండు మూడు వేసవులు దాటాక రంగు వెలిసి ఊదాగా మారడం, బుడగలు రావడం దీని లక్షణం. మెటల్ పొర ఉన్న ఫిల్మ్ వేడిని బాగానే వెనక్కి కొడుతుంది, కానీ ఫోన్ సిగ్నల్‌కీ జీపీఎస్‌కీ అడ్డుపడొచ్చు. సెరామిక్ ఫిల్ములో ఉండే సన్నటి కణాలు కనిపించే వెలుతురుని పోనిచ్చి ఇన్‌ఫ్రారెడ్‌ని ఎక్కువగా ఆపుతాయి. అందుకే లేత సెరామిక్ ఫిల్మ్, కారునలుపు డై ఫిల్మ్ కంటే చల్లగా ఉంచగలదు. ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

చట్టం ఎక్కడ నిలబడింది

వ్యాన్ లైఫ్ వీడియోల్లో చాలా వరకు బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా వాళ్ళవి. బ్రిటన్‌లో ముందు అద్దానికి, డ్రైవర్ పక్క అద్దాలకే పరిమితి ఉంది. డ్రైవర్ వెనక ఉన్న కిటికీలు ఎంత నల్లగా ఉన్నా అక్కడ చట్టం పట్టించుకోదు. అందుకే వాళ్ళు ధైర్యంగా "వెనకంతా 5 శాతం వేసేయండి" అంటారు. ఆ మాట విని ఇక్కడ ఫిల్మ్ రోల్ ఆర్డర్ పెడితే మొదటి చెక్‌పోస్ట్ దగ్గరే బండి పక్కకి తియ్యాల్సి వస్తుంది.

మన దగ్గర 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం ప్రకారం ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురు పోనివ్వాలి. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఆ శాతాలు అద్దం తయారీలోనే ఉండాలి తప్ప, పైన ఏ శాతం నల్ల ఫిల్మూ అతికించకూడదని చెప్పింది. తర్వాత నియమంలో మార్పు వచ్చి 2021 ఏప్రిల్ నుంచి "సేఫ్టీ గ్లేజింగ్" అన్న మాట చేరింది. దాని ఆధారంగా 2024లో కేరళ హైకోర్టు, 70, 50 శాతాలు తగ్గనంత వరకు ఫిల్మ్ వేసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. నడిరోడ్డు మీద ఈ తీర్పు వివరించి ట్రాఫిక్ ఎస్సైని ఒప్పించగలమన్న నమ్మకం ఉంటే మీ ఇష్టం. ఒప్పుకున్నా మనకి దక్కేది 50 శాతమే. అది ఎంతవరకు దాస్తుందో పైన లెక్క చూశాం.

ఇంకో మెలిక ఉంది. శాతాలు కూడవు, గుణించుకుంటాయి. కంపెనీ నుంచి వచ్చిన ఆకుపచ్చ ఛాయ అద్దం సుమారు 75 శాతం వెలుతురు పోనిస్తుందనుకుంటే, దాని మీద 50 శాతం ఫిల్మ్ వేస్తే వచ్చేది 0.75 × 0.5, అంటే 37.5 శాతం. "చట్టం ప్రకారం 50 వేయించాను" అనుకుంటాం, మీటర్ పెడితే 38 కూడా చూపించదు. మీ బండి అద్దం ఎంతో తెలుసుకోవాలంటే ఫోన్లో లక్స్ మీటర్ యాప్ చాలు. మిట్ట మధ్యాహ్నం అద్దం సగం దించి, ఫోన్ కదలకుండా ఒకసారి ఖాళీలోంచి, ఒకసారి అద్దంలోంచి అంకె చూడండి. రెండో అంకెని మొదటి దానితో భాగిస్తే సుమారు శాతం వస్తుంది.

ఇంత పట్టుదల ఎందుకు అనిపించొచ్చు. మన సినిమాల్లో హీరోయిన్‌ని ఎత్తుకుపోవడానికి వచ్చే బండి ఏదో గుర్తుందిగా? మనం కొందామనుకుంటున్న ఓమ్నీయే. సినిమాని వదిలేసినా, తీర్పు వచ్చిన ఏడాదే డిసెంబర్ 16న ఢిల్లీలో ఆ ఘోరం జరిగిన బస్సుకి నల్ల అద్దాలు, కర్టెన్లు ఉన్నాయి. నిండు నగరంలో, జనం మధ్యలో ఆ బస్సు తిరుగుతూనే ఉంది. ఎవరికీ లోపల ఏం జరుగుతోందో కనపడలేదు. ఆగిన బండిలో పడుకునే అమ్మాయికి చాటు కావాలి. నడుస్తున్న బండిలో ఎవరైనా ఆపదలో ఉంటే బయటివాళ్ళకి అది కనపడాలి. రెండూ న్యాయమైనవే. అతికించిన ఫిల్మ్ ఈ రెండు పనులూ చెయ్యలేదు. ఎందుకంటే దాన్ని తీసి పెట్టుకోలేం.

తీసి పెట్టుకునే పలకలు

కాబట్టి దారి ఒకటే: బండి నడిచేటప్పుడు అద్దాలు తేటగా, ఆపి పడుకునేటప్పుడు పూర్తిగా మూసి. దీనికి కావలసినవి ఫిల్మ్ వేయించే ఖర్చులోనే వస్తాయి.

ముందుగా ప్రతి కిటికీకి న్యూస్ పేపర్ ఆనించి అంచు గీసుకోండి. దాన్ని అట్టపెట్టె మీద కత్తిరించి సరిచూసుకోండి. రేకుల షెడ్ల కింద వేడి ఆపడానికి వాడే బబుల్ ఫాయిల్ షీట్ దొరుకుతుంది. దాన్ని అట్ట కొలత కంటే అన్ని పక్కలా ఒక సెంటీమీటర్ పెద్దగా కొయ్యండి. ఆ అదనపు అంచే రబ్బరు బీడింగ్‌లో బిగుసుకుని వెలుతురు కారకుండా చేస్తుంది. ఒక వైపు వెండి రంగు అలాగే ఉంచి, రెండో వైపు మందపాటి నల్ల కాటన్ గుడ్డ అతికించండి. నిలబడటానికి అంచుల్లో చిన్న నియోడైమియం అయస్కాంతాలు కుట్టొచ్చు. చుట్టూ ఇనుప బాడీయే కాబట్టి పట్టుకుంటాయి. ప్లాస్టిక్ ట్రిమ్ ఉన్నచోట వెల్‌క్రో వాడండి.

పగలు ఎండలో వెండి వైపు బయటికి ఉండాలి, వేడి వెనక్కి పోతుంది. రాత్రి నల్ల వైపు బయటికి ఉంటే మంచిది. వెండి పలకలు మెరుస్తుంటే "ఇందులో మనుషులు పడుకున్నారు" అని బోర్డు పెట్టినట్టే. నల్లగుడ్డ అయితే చీకట్లో ఖాళీ బండి కిటికీలా ఉంటుంది. దీనికి రెండు సెట్లు అక్కర్లేదు. ఎడమ కిటికీ పలకని తిప్పకుండా అలాగే నేరుగా కుడివైపుకి జరపండి. వ్యాన్ రెండు పక్కలూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు కాబట్టి ఆకారం సరిగ్గా కూర్చుంటుంది. ఇంతవరకు బయటికున్న వెండి వైపు ఇప్పుడు లోపలికి వస్తుంది. కుడివాటిని ఎడమకి మార్చితే పని అయిపోయినట్టే. ఇంజనీరింగ్ డ్రాయింగ్ మొదటి సెమిస్టర్‌లో ఎందుకు పెట్టారో ఇక్కడ తెలుస్తుంది.

ముందు అద్దం పెద్దది, వంపు ఎక్కువ. దాన్ని మూసే శ్రమ పడకుండా డ్రైవర్ సీటు వెనక అడ్డంగా ఒక మందపాటి కర్టెన్ కట్టండి, పైకప్పు నుంచి నేల దాకా. బయల్దేరే ముందు దాన్ని ఒక పక్కకి లాగి కట్టేయాలి. లేకపోతే వెనక అద్దం కనపడదు. కర్టెన్లతో నడిచే బండిని పోలీసులూ ఆపొచ్చు.

పలకలు తయారయ్యాక ఒక పరీక్ష చెయ్యండి. రాత్రి లోపల అన్ని లైట్లూ వేసి, ఒకరిని లోపల అటూ ఇటూ కదలమని చెప్పి, మిగతావాళ్ళు బయట చుట్టూ తిరిగి చూడండి. గీతలా వెలుతురు కారుతున్న ప్రతిచోటా చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, అక్కడ గుడ్డ పెంచండి.

బండిలో సీట్లు శాశ్వతంగా తీసేయడం, కిటికీ కోసి రేకు వెయ్యడం లాంటివి చేసేముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న వివరాలు మారిపోయే మార్పులకి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం వస్తుంది. పలకలు, కర్టెన్లు, ఎత్తి తీసేయగల మంచం లాంటివాటితో అయితే బండి ఆకారం మారదు.

చాటు ఎక్కువైతే గాలి తక్కువవుతుంది

అన్నీ మూసేశాక మిగిలేది ఊపిరి సంగతి. నలుగురు పడుకున్న చిన్న వ్యాన్‌లో అద్దాలన్నీ బిగించి పలకలు పెడితే తెల్లారేసరికి గోడలు తడిసిపోతాయి, తలలు దిమ్మెక్కుతాయి. ఎదురెదురు కిటికీలు రెండు వేళ్ళ మందం దించి, దోమతెర కట్టి, బయట రెయిన్ వైజర్ బిగించండి. పలక కింది అంచు అక్కడ కాస్త ఎడంగా ఉంచితే వెలుతురు నేరుగా కనపడదు, గాలి ఆడుతుంది.

పొయ్యి, బొగ్గుల కుంపటి, జనరేటర్, ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ: పడుకునే బండిలో వీటిలో ఏదీ రాత్రంతా నడవకూడదు. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆగిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడ్ కారణం. దానికి రంగు లేదు, వాసన లేదు. జనం, వాహనాలు తిరిగే రోడ్డే అది. బయటి నుంచి చూస్తే ఆగి ఉన్న బండి, అంతే. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని మంచం పక్కన తగిలించండి. ఫిల్మ్ వద్దనుకుని మిగిల్చిన డబ్బుతో కొనాల్సిన మొదటి వస్తువు అదే.

ఇంకో మాట. బయటివాళ్ళకి మనం కనపడకుండా ఏర్పాటు చేసుకున్నాం కాబట్టి, కనీసం ఒక్కరికి మనం ఎక్కడున్నామో తెలియాలి. ప్రతి రాత్రి బండి ఆపగానే ఇంట్లోవాళ్ళకో రూమ్మేట్‌కో లొకేషన్ పంపండి. పొద్దున్న లేచాక "లేచాం" అని ఒక్క మెసేజ్ పెట్టండి. ఆ తర్వాత పలకలు తీసి మంచం కింద సర్దేసి, తేటగా ఉన్న అద్దాల్లోంచి సముద్రం చూసుకుంటూ పోవచ్చు. అంత దూరం వెళ్ళేది దాన్ని చూడ్డానికే కదా.